రెండు గజాల లోపల

మంగళవారం పదకొండు కావస్తుండగా సత్యం తన సంచిలోంచి తువ్వాలు తీసి బల్ల మీద పరిచి, దాని మీద రెండు లెన్సులు పక్కపక్కన పెట్టాడు.

"ముందు మీ పాతది ఇలా ఇవ్వండి" అన్నాడు.

బుల్లబ్బాయి కెమెరాకున్న లెన్సు తిప్పి ఊడదీసి ఇచ్చాడు. సత్యం దాన్ని స్టూడియో గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఆకాశం కేసి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. రెండు నెలలకోసారి రాజమండ్రిలో బయల్దేరి గోదావరి పాయల మధ్య ఊళ్ళన్నీ తిరుగుతూ ఫొటో స్టూడియోలకి సామాను అమ్మే మనిషి అతను. చూడకుండానే చెప్పగలడు గాని, కాసేపు చూడడం మర్యాద.

"బూజండీ. ఇదిగో, సాలెగూడు పట్టినట్టు లేదూ? కోనసీమలో ఏ స్టూడియోకి వెళ్ళినా ఇదే. ఈ చెమ్మకి గాజు బతకదు. తుడిస్తే పోయేది కాదండి, లోపలికంటా తినేసింది."

"ఆయ్" అన్నాడు బుల్లబ్బాయి.

అతనికి తెలుసు. నాలుగు నెలలుగా ఎవరి ముఖం తీసినా దాని మీద పల్చగా పాలు పోసినట్టు వస్తోంది. మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే మొదటి బస్సుకి రాజోలు వచ్చి పాస్‌పోర్టు ఫొటోలు దిగి, మర్నాడు వచ్చి పట్టుకెళుతున్నారు. ఒక్కళ్ళూ ఇదేమిటని అడగలేదు. వాళ్ళు అడగలేదు కాబట్టి అతనూ పట్టించుకోలేదు.

"మీకు రోజువారీ పనికి కావాలి. పెళ్ళికీ, పేరంటానికీ, పాస్‌పోర్టుకీ, పోలీసుల పనికీ అన్నిటికీ ఒక్కటే. సంచి బరువుండకూడదు. అంతేనాండీ?"

"అంతేనండి."

సత్యం మొదట నల్లటి కొత్త లెన్సు అందుకున్నాడు. అరచేతిలో ఇమిడిపోయింది. రింగు తిప్పితే లోపలి గొట్టం పొడుగ్గా బయటికి సాగింది. "ఇరవై ఎనిమిది నుంచి రెండొందల ఎమ్మెమ్ దాకా లాగుద్దండి. గుంపు కావాలంటే గుంపు, ముక్కుపుడక కావాలంటే ముక్కుపుడక. ఉన్నచోట నిలబడి రింగు తిప్పుకోవడమే. కాలు కదపక్కర్లేదు."

రెండోది ఎవరో వాడి అమ్మేసినది. ఇత్తడి చెంబంత బరువుంది. అంచుల్లో రంగు పోయి లోహం కనబడుతోంది. "ఇది ముప్పై అయిదు నుంచి డెబ్భై దాకా. అంతే. దూరం లాగదు. గాజు మాత్రం మంచిది, చీకటి గదిలో కూడా పనిచేస్తుంది. దగ్గరికెళ్తే ఎంత దగ్గరైనా పడుద్ది. కాకపోతే మీరు నడవాలి."

"దానికి లోపం లేదా?" కొత్తదాని వైపు చూపించాడు బుల్లబ్బాయి.

"రెండు గజాల లోపలికొస్తే పట్టదండి. మసకేసేస్తుంది. అయినా రెండు గజాల లోపలికెళ్ళి ఎవరండీ తీసేది?" సత్యం నవ్వాడు. "రెండూ ఉంచుతాను. పాలకొల్లు, నర్సాపురం చూసుకుని శనివారం వస్తా. వాడి చూసి ఒకటి ఉంచుకోండి."

బుల్లబ్బాయి కొత్తదాన్ని కెమెరాకి తగిలించాడు. వీధిలో అవతలి వైపు సోడాకొట్టు మీద కూర్చున్న ముసలాయన చెవిలో చుట్టపీక కనబడింది. ముసలాయనకి తెలియలేదు.

బుధవారం పి.గన్నవరంలో ఓణీల ఫంక్షనుకి ఆ లెన్సే పట్టుకెళ్ళాడు. ఎప్పుడూ అయితే పందిట్లో చుట్టాల మోకాళ్ళు దాటుకుంటూ, "కొంచెం జరగండమ్మా, అమ్మగారూ ఇటు చూడండి" అంటూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు పందిరి రాటకి వీపు ఆన్చి నిలబడ్డాడు. రింగు ఒకవైపు తిప్పితే పందిరంతా వచ్చింది. రెండోవైపు తిప్పితే పిల్ల బుగ్గ మీద పసుపు వచ్చింది. పిల్ల మేనత్త ఎందుకో కళ్ళొత్తుకుంది. అదీ వచ్చింది. అన్నీ ఒకేలా, గాజు పలక వెనక ఉన్నట్టు వచ్చి వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం దాకా అతను ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ అతనితో మాట్లాడలేదు. భోజనానికి పిలవడం కూడా మర్చిపోయారు. అతనికి ఆకలి వేసినట్టు లేదు.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే భార్య సూర్యావతి దాన్ని దండెం మీద వేస్తూ, "చెమటే పట్టలేదేంటండీ? ఫంక్షను అవలేదా?" అంది.

"అయిందిలే. కొత్త లెన్సు. తిరగక్కర్లేదు."

"పోన్లెండి, మోకాళ్ళకి సుఖం" అందామె.

గురువారం పొద్దున్న స్టూడియో తలుపులు తీస్తుండగానే కానిస్టేబుల్ ఏసుదాసు వచ్చాడు. సముద్రం వైపు స్టేషనులో పనిచేసే ఏసుదాసు అలా పొద్దున్నే వచ్చాడంటే శవమే. అందుకే బుల్లబ్బాయి ఏమీ అడక్కుండా కెమెరాలో కొత్త రీలు వేశాడు.

"పల్లపులంక అండి. రొయ్యల చెరువులో కాపలావాడు. నాగబాబని, ముప్పై ఏళ్ళుంటాయి. తాగి జారిపడ్డాడంటున్నారు" అన్నాడు ఏసుదాసు, స్కూటరు వెనక ఎక్కుతూ.

చెరువులు వరసగా ఉన్నాయి. నీళ్ళ మధ్యలో గాలికొట్టే ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. మూడో చెరువు గట్టు కింద, ఏటవాలు మీద శవాన్ని పడుకోబెట్టారు. కుడిపక్కకి ఒరిగి ఉన్నాడు. ఆ చెయ్యి ఒంటి కిందకి పోయింది. గట్టు మీద కొబ్బరిచెట్టు నీడలో హెడ్ కానిస్టేబులుగారు కుర్చీలో కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నారు. చెరువుల ఆసామి రాజేంద్రగారు తెల్లచొక్కా చేతులు మడిచి, వచ్చినవాళ్ళందరికీ బొండాలు కొట్టిస్తున్నారు.

"వచ్చేరా? కానివ్వండి, ఎండెక్కిపోతోంది" అన్నారు హెడ్డుగారు. "పెద్దలు సంతకాలు పెట్టేస్తున్నారు. అనుమానం ఏమీ లేదు. ఆసుపత్రికి పట్టుకెళ్ళి కోయించడం ఎందుకు పాపం, పిల్లలు గలవాడు, ఇంటికి ఇచ్చేద్దామంటున్నారు."

బుల్లబ్బాయి గట్టు అంచుకి వచ్చి నిలబడ్డాడు. శవం అయిదు గజాల దూరంలో ఉంది. కిందకి దిగాలంటే చెప్పులు వదిలి బురదలో దిగాలి. పాత లెన్సుతో అయితే దిగేవాడు. ముఖం గుర్తుపట్టేలా ఉండాలి కదా. ఇప్పుడు రింగు తిప్పాడు. మొదట చెరువూ గట్టూ మనిషీ అంతా కలిపి ఒకటి. తర్వాత మనిషి. తర్వాత ముఖం. కనురెప్పల వెంట్రుకలు తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉండడం కూడా కనబడింది. నొక్కాడు.

శవం కాళ్ళ దగ్గర ఒక ఆడమనిషిని ఇద్దరు రెక్కలు పట్టుకుని కూర్చోబెట్టారు. భార్య కాబోలు. ఏడుపు మధ్యలో ఆమె ఒక్కటే మాట అంటోంది.

"చెయ్యి చూడండి బాబూ. కుడిచెయ్యి చూడండి. ఎవరన్నా చూడండి బాబూ."

ఆమె తల తిప్పి గట్టు మీదున్న ఒక్కొక్కళ్ళ కేసీ చూసింది. హెడ్డుగారు రాస్తున్నారు. బుల్లబ్బాయికి మాట వినబడింది. అది తనతో అన్న మాటలా తోచలేదు. అయిదు బొమ్మలయ్యాయని వేళ్ళు చూపించి, లెన్సుకి మూత పెట్టాడు.

"నీళ్ళు తాగి వెళ్ళండి బుల్లబ్బాయిగారూ" అన్నారు రాజేంద్రగారు బొండాం అందిస్తూ. "వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. ఆల్బం మీదే. ముందే చెప్తున్నాను, ఇంకెక్కడా ఒప్పుకోకండి."

"ఆయ్, అలాగేనండి."

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళి ల్యాబులో కూర్చుని రీలు కడిగించుకుని వచ్చాడు.

శుక్రవారం తొమ్మిదింటికి గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయి తల ఎత్తితే ఆమె. జుట్టు ముడి వేసుకోలేదు. నిన్నటి బురద చీర అంచుకి ఎండిపోయి ఉంది. పక్క టైలరు షాపువాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని గడప దాటి ఇంత దూరం వచ్చిందని వాళ్ళకీ ఎలా తెలిసిందో తెలిసిపోయింది.

"నా పేరు గంగాదేవండి. నాగబాబు ఇంటామెని. ఫొటోలు చూపిస్తారా?"

"పోలీసువాళ్ళకిస్తానమ్మా. వాళ్ళనడగాలి."

"అడిగేనండి. చెయ్యి కాలింది, చూడండన్నాను. ఫొటోలు తీసేరు కదా, అందులో ఉంటే ఉన్నట్టు, లేపోతే లేనట్టు అన్నారండి హెడ్డుగారు. అందుకే వచ్చేను. ఉందో లేదో ఒక్కసారి చూసి పోతానండి."

ఆమె కూర్చోలేదు. బుల్లబ్బాయి కవరు తీసి అయిదు ఫొటోలూ బల్ల మీద పరిచాడు. గంగాదేవి మొదటివి రెండూ వదిలేసింది. ముఖం ఉన్న ఫొటో రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ఏడవలేదు. బొటనవేలితో దాని అంచు రాస్తూ ఉంది.

"ఎంత దగ్గరగా పడ్డాడండీ" అంది. "రెప్పలు కూడా కనపడుతున్నాయి. ఇంత దగ్గరికొచ్చేరు కదా బాబూ, ఆ పక్కనే ఉన్న చెయ్యి ఎందుకు చూడలేదండీ?"

బుల్లబ్బాయి మిగిలిన ఫొటోల కేసి చూశాడు.

"నేను దగ్గరికి రాలేదమ్మా. గట్టు మీంచి తీసేను."

ఆమెకి అర్థం కాలేదు. ఫొటో కేసీ అతని కేసీ మార్చి మార్చి చూసింది. "గట్టు మీంచా?" అంది.

"లెన్సు అలాంటిది. దూరం నుంచి దగ్గరగా చూపిస్తుంది."

"అయితే ఎవరూ దగ్గరికి రాలేదన్నమాట" అంది గంగాదేవి. కోపంగా కాదు, ఒక లెక్క తేలినట్టు అంది. ఫొటో తిరిగి బల్ల మీద పెట్టింది. "ఫ్యాను వైరు చిట్లిపోయిందని పది రోజుల్నించీ చెప్తున్నాడండి ఆ రాజేంద్రగారికి. నిన్న పొద్దున్న నే వెళ్ళేసరికి కొత్త వైరు వేసుంది. మా బావగారు సత్తిరాజుగారు ఒరిస్సాలో పరదీపు నుంచి, వేటబోటు దిగి వస్తున్నారు. మధ్యాహ్నానికి దిగుతారు. రాగానే పూడ్చేస్తారు. ఇంక చెయ్యీ ఉండదు, ఏమీ ఉండదు."

వచ్చినట్టే వెళ్ళిపోయింది. రమ్మని అడగనైనా లేదు.

బుల్లబ్బాయి ఫొటోలు కవర్లో పెట్టాడు. మళ్ళీ తీశాడు. వెనక గదిలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్న సూర్యావతి కత్తెర చప్పుడు ఆగింది. ఆమె అన్నీ విన్నది. గుమ్మం దగ్గరికొచ్చి, "రాజేంద్రగారి అమ్మాయి పెళ్ళి మనకే కదండీ చెప్పేరు" అంది మెల్లిగా.

"ఆయ్."

అతను కెమెరా సంచి భుజానికి తగిలించుకున్నాడు. లెన్సులు రెండూ అందులోనే ఉన్నాయి. సూర్యావతి వెనక గదిలోకి వెళ్ళింది. స్కూటరు తీస్తున్న చప్పుడయ్యాక మళ్ళీ కత్తెర ఆడింది.

కాలవ గట్టు మీద తాటాకిల్లు. చూరు నడుం దాకా దిగి ఉంది. చిన్న అరుగు మీద చాప వేసి, చుట్టూ ఐసుముక్కలు గోనెల్లో పేర్చి నాగబాబుని పడుకోబెట్టారు. తల దగ్గర తల్లి వీరాయమ్మ కూర్చునుంది. గంగాదేవి ఇంకా చేరలేదు. బస్సు కోసం ఆగినట్టుంది. నిన్న ఆమె రెక్క పట్టుకున్న పొరుగామె అచ్చాయమ్మ బుల్లబ్బాయిని గుర్తుపట్టింది.

"ఫొటోలాయన" అంది వీరాయమ్మతో.

బుల్లబ్బాయి బయటే నిలబడ్డాడు. అలవాటుగా రింగు తిప్పాడు. చూరు అడ్డం వచ్చింది. వంగాడు. అచ్చాయమ్మ నాగబాబు కుడిచెయ్యి ఎత్తి పట్టుకుంది గాని, నీడలో పిడికిలి నల్లటి ముద్దలా ఉంది. ఫ్లాష్ వేస్తే తెల్లగా వెలిసిపోతుందని తెలుసు. ఒక అడుగు ముందుకేశాడు, చూరు కిందకి. అంతా మసకైపోయింది. వెనక్కి జరిగితే చూరు, ముందుకెళితే మసక. రెండుసార్లు అలా చేశాడు.

వీరాయమ్మ అతన్నే చూస్తోంది. "రా బాబూ. వాడేం చేస్తాడు నిన్ను" అంది.

బుల్లబ్బాయి చెప్పులు విడిచాడు. కొత్త లెన్సు ఊడదీసి సంచిలో పెట్టి, బరువుది తగిలించాడు. అరుగు మీద చాప పక్కన, తడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. వీరాయమ్మ ఒక్కొక్క వేలూ విప్పబోయి, రాక వదిలేసింది.

"నేను పడతాను" అన్నాడు బుల్లబ్బాయి.

నాగబాబు చెయ్యి ఐసులా ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. అరచేతికి అడ్డంగా, చూపుడువేలి మొదట్నించి మణికట్టు దాకా, ఒక గాడి. మధ్యలో బూడిదరంగు తెలుపు, అంచుల్లో చర్మం నల్లగా మాడి ముడుచుకుపోయింది. తీగ ఎంత లావో అంత వెడల్పు. నీళ్ళలో నానినా పోలేదు. పట్టుకుని వదల్లేకపోయిన చెయ్యి అది.

"ఉతికిన పంచె ఏదన్నా ఉందా అమ్మా, తెల్లది?"

అచ్చాయమ్మ తెచ్చింది. ఎండ పడే చోట దాన్ని రెండు చేతులా చాచి పట్టుకోమన్నాడు. పంచె మీద పడ్డ వెలుతురు తిరిగి అరచేతి మీద మెత్తగా పరుచుకుంది. అగ్గిపెట్టె ఒకటి పక్కన పెట్టాడు, ఎంత పొడుగుందో తెలియడానికి. కంటికి కెమెరా ఆన్చి రింగు కొద్దికొద్దిగా తిప్పాడు. గీతలు వచ్చాయి. గోళ్ళ కింద చెరువు మట్టి వచ్చింది. మాడిన అంచు వచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కాడు. చోటు మార్చి ఇంకొకటి. ముఖమూ చెయ్యీ కలిసి పడేలా వెనక్కి వాలి ఇంకొకటి, చెయ్యి ఎవరిదో తెలియాలి కదా.

మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. రాజేంద్రగారు చూరు కింద వంగి చూశారు.

"ఇదేంటండీ బుల్లబ్బాయిగారూ? నిన్నే అయిపోయింది కదా?"

"నిన్న సరిగ్గా పడలేదండి."

"ఆహా." ఆయన కెమెరా కేసి చూశారు. గొంతు ఏమాత్రం పెంచలేదు. "పాపం, మీకెందుకండీ శ్రమ. ఆ రీలు ఇలా ఇవ్వండి. నేను అమలాపురం వెళుతున్నాను, కడిగించి పంపిస్తాను."

బుల్లబ్బాయి చేతిలో నాగబాబు చెయ్యి ఇంకా ఉంది. దాన్ని వదిలి లేవాలనిపించలేదు.

"ఇంకా పని అవలేదండి" అన్నాడు.

"మన మధ్య ఇలాంటివి బాగుండవండి."

"ఆయ్, బాగుండవండి" అన్నాడు బుల్లబ్బాయి. మళ్ళీ కెమెరా కంటికి ఆన్చుకున్నాడు. అచ్చాయమ్మ పంచె దించలేదు. వీరాయమ్మ కదల్లేదు. వంగి నిలబడ్డం ఇబ్బందై రాజేంద్రగారే ముందు నడుం ఎత్తారు. కాసేపటికి మోటారు సైకిలు వెళ్ళిపోయింది.

మూడింటికి సత్తిరాజు దిగాడు. తమ్ముడి చెయ్యి చూశాడు, ఏడ్చాడు, పూడ్చనని గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు. పెద్దలు వచ్చి చెప్పినా లేవలేదు. సాయంత్రం అమలాపురంలో కడిగించిన ఫొటోలు ఒక కట్ట అతనికీ, ఒక కట్ట ఏసుదాసుకీ చేరాయి. శనివారం తెల్లారాక శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

శుక్రవారం ఇంటికొచ్చిన బుల్లబ్బాయిని సూర్యావతి లోపలికి రానివ్వలేదు. నూతి దగ్గరే నిలబెట్టి, చేదతో తోడి నెత్తి మీద కుమ్మరించింది. నాలుగో చేద పోస్తూ అడిగింది.

"ముట్టుకున్నారా?"

"ఆయ్."

"తుఫాను వచ్చిన ఏడాది అన్ని శవాలకి ఫొటోలు తీసేరు. ఒక్కటీ ముట్టుకోలేదు కదండీ."

అతను ముఖం మీంచి నీళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఇంకో చేద తోడింది.

శనివారం సత్యం వచ్చేసరికి రాజేంద్రగారింటి నుంచి కబురు వచ్చేసింది. పెళ్ళి ఆల్బం నర్సాపురం వాళ్ళకి ఇచ్చేశారట. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలోనే చెప్పి వెళ్ళాడు. బుల్లబ్బాయి కొత్త లెన్సు మెత్తటి గుడ్డతో తుడిచి, మూతలు రెండూ పెట్టి సత్యం ముందుకి జరిపాడు.

"ఇది తీసుకెళ్ళండి."

సత్యం ఆశ్చర్యపోయాడు. "ఇదే అందరూ ఎగబడి కొంటున్నారండి. చెడిపోయిందా?"

"లేదండి, చాలా బాగా పనిచేస్తుంది."

"మరి ఆ చెంబు ఎందుకండీ? మోకాళ్ళు పోతాయి."

"పోనివ్వండి" అన్నాడు.

సోమవారం విచారణకి స్టేషనుకి రమ్మన్నారు. పైనుంచి వచ్చిన కొత్త అధికారి కుర్చీలో, పక్కన రాసే గుమాస్తా. హెడ్డుగారు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు. గోడ వారగా బెంచీ మీద గంగాదేవి, సత్తిరాజు. గురువారం ఫొటోలూ, శుక్రవారం ఫొటోలూ రెండు కుప్పలుగా బల్ల మీద ఉన్నాయి.

అధికారి అడిగినవన్నీ బుల్లబ్బాయి చెప్పాడు. ఏ పూట, ఎన్ని బొమ్మలు, చెయ్యి ఎవరు పట్టుకున్నారు, అగ్గిపెట్టె ఎందుకు. గుమాస్తా రాసుకుపోయాడు.

"చాలండి. చదివి వినిపిస్తారు, సంతకం పెట్టి వెళ్ళండి" అన్నాడు అధికారి.

"ఒక ముక్క మిగిలిందండి" అన్నాడు బుల్లబ్బాయి. "గురువారం ఆవిడ అన్న మాట."

"ఏ మాట?"

"నేను గట్టు మీద ఉండగా, కుడిచెయ్యి చూడమని అన్నారండి. నేను విన్నాను. విని, లెన్సుకి మూత పెట్టుకుని వచ్చేసేను. అది రాయండి."

గుమాస్తా కలం ఆపి అధికారి కేసి చూశాడు. కిటికీ దగ్గర హెడ్డుగారు ఇటు తిరిగారు.

"అది అవసరం లేదండి" అన్నాడు అధికారి, కొంచెం మెత్తగా. "మీకే చెరుపు. ఇకముందు ఏ స్టేషనువాళ్ళూ మిమ్మల్ని పిలవరు. చెయ్యి ఫొటో ఉంది కదా, చాలు."

బుల్లబ్బాయి గోడ వారకి చూశాడు. గంగాదేవి తలెత్తి అతన్నే చూస్తోంది. గట్టు మీద ఒక్కొక్కళ్ళ కేసీ చూసిన చూపే అది. ఈసారి అతను తల తిప్పుకోలేదు.

"రాయండి" అన్నాడు.

కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని, ఆమె ఆ పొద్దున్న ఏమేం అన్నదో ఒక్కొక్క మాటే, గుమాస్తా కలం అందుకునేంత నెమ్మదిగా, చెప్పడం మొదలుపెట్టాడు.